దివిసీమ ఆకుకూరలకు బెట్ట: వానతో పాటు ఉప్పునూ లెక్కించాలి

కృష్ణా డెల్టాలో బెట్ట గురించి చర్చించడం మెట్ట ప్రాంతాల వారికి వింతగా తోచవచ్చు. 1957లో నిర్మాణం పూర్తయిన ప్రకాశం బ్యారేజీ నుండి కాలువల ద్వారా సుమారు 13 లక్షల ఎకరాలకు నీరందే ప్రాంతమిది. ఇక్కడి రైతుకు చిరపరిచితమైన కష్టాలు వరద, తుపాను, మురుగు ముంపు. అయినా ఈ డెల్టా కొసన, కృష్ణానది సముద్రంలో కలిసే హంసలదీవి పరిసరాలలో, ఒకవైపు నది, మరొకవైపు సముద్రం, నడుమ మురుగు కాలువలు నిండుగా కనిపిస్తుండగానే ఆకుకూర మడులు వాడిపోతాయి. ఈ వాడుటకు కారణాన్ని సరిగా గుర్తించనందువల్లనే మెట్ట నేలల కోసం రూపొందిన బెట్ట యాజమాన్య సూచనలు ఇక్కడ అక్కరకు రావడం లేదు. కొన్ని సందర్భాలలో అవి మేలుకంటె కీడే ఎక్కువ చేస్తాయి.

డెల్టా శివారు భూములలో ఆకుకూరలకు బెట్ట, ఉప్పు అనేవి రెండు విడి సమస్యలు కావు. నేల ఆరిన కొద్దీ అందులోని ఉప్పు చిక్కబడుతుంది. ఉప్పు చిక్కబడిన కొద్దీ, నేలలో నీరున్నా వేరు దానిని పీల్చుకోలేదు. కాబట్టి ఈ రెండింటినీ కలిపి పరిశోధించి, కలిపి సిఫారసు చేయవలసిన అవసరం ఉంది. ప్రస్తుతం ఆ పని జరగవలసినంతగా జరగడం లేదు.

ఆకుకూరకు గడువు తక్కువ

గింజ పంటకు, ఆకుకూరకు బెట్ట ఒకే విధంగా తగలదు. వరిలో దుబ్బు చేసే దశలో కొద్దిపాటి ఎద్దడి ఏర్పడినా, తరువాత నీరందితే పైరు చాలావరకు కోలుకుంటుంది. చిరుపొట్ట నుండి పూత వరకు గల దశలో వచ్చే ఎద్దడే తీరని నష్టం కలిగిస్తుంది. అందువల్ల వరికి కీలక దశలను విడిగా గుర్తించి, ఆ దశలలో తప్పక నీరు పెట్టమని చెప్పడం సాధ్యమవుతుంది. ఆకుకూరలో అమ్ముడయ్యే భాగం ఆకే. తోటకూర విత్తిన 25 నుండి 30 రోజులలో పీకడానికి వస్తుంది. ఆ నెల రోజులలో కీలకం కాని రోజంటూ లేదు.

ఎద్దడి మొదలైనప్పుడు మొక్కలో మొట్టమొదట దెబ్బతినేది ఆకు విస్తరణ. కిరణజన్య సంయోగక్రియ తగ్గడం ఆ తరువాతి మాట. ఆకులోని కణం పెద్దది కావాలంటే దాని లోపలి నీటి ఒత్తిడి కణకవచాన్ని సాగదీయాలి. నేలలో తేమ కొద్దిగా తగ్గినా ఈ ఒత్తిడి సడలుతుంది. ఆకు వాడినట్లు కంటికి కనిపించకముందే దాని పెరుగుదల మందగిస్తుంది. ఆ తరువాత మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పెరిగి పత్రరంధ్రాలు మూసుకుంటాయి. బాష్పోత్సేకం తగ్గడంతో నీటి ఆదా జరుగుతుంది గాని, ఆకు చల్లబడే మార్గం మూసుకుపోయి వేడెక్కుతుంది, బొగ్గుపులుసు వాయువు లోపలికి రావడం తగ్గుతుంది. ఎద్దడి ఇంకా కొనసాగితే ఆకు ముదిరి నారపడుతుంది. కొత్తిమీర, తోటకూర వంటివి ముందుగానే పూతకాడ వేస్తాయి. పూతకాడ వేసిన మొక్క బతికే ఉంటుంది, కాని అది కట్టకు పనికిరాదు.

బెట్టను తట్టుకొనుట అన్న మాటకు ఇక్కడే అర్థభేదం ఏర్పడుతుంది. ప్రయోగశాలలో తట్టుకొనుట అంటే మొక్క చావకుండా నిలవడం, నీరు పెట్టగానే తేరుకోవడం. రైతుకు తట్టుకొనుట అంటే తెల్లవారుజామున కోసిన ఆకు అవనిగడ్డ లేదా మచిలీపట్నం బజారుకు చేరేటప్పటికి నవనవలాడుతూ ఉండడం. మొదటి అర్థంలో ఉత్తమమైన రకం రెండవ అర్థంలో అధమం కావచ్చు. ఆకు చిన్నదై, మందమై, నీటిని పొదుపుగా వాడుకొనే మొక్క ఎడారిలో బతుకుతుంది గాని దానికి బజారులో గిరాకీ ఉండదు.

ప్రభుత్వ నిబంధనలు కూడా ఈ తేడాను గుర్తించలేదు. కేంద్ర ప్రభుత్వం 2016లో సవరించిన కరవు యాజమాన్య మార్గదర్శిక, వానల మధ్య ఎడాన్ని లెక్కలోకి తీసుకోవడానికి సాధారణ వర్షపాతంలో సగానికి తక్కువ కురిసిన మూడు నాలుగు వరుస వారాలను ప్రమాణంగా పెట్టుకుంది. గింజ పంటలకు ఈ ప్రమాణంలో ఔచిత్యముంది. తోటకూరకైతే మూడు నాలుగు వారాలంటే విత్తు నుండి కోత వరకు దాని జీవితమంతా. ఎడం నమోదయ్యే నాటికి ఒక పంట పూర్తిగా పోయి ఉంటుంది. పైగా ఈ సూచికలు వాననూ, పచ్చదనాన్నీ, విత్తిన విస్తీర్ణాన్నీ చూస్తాయి. వేరు చుట్టూ ఉన్న నీటిలో ఉప్పెంతో చెప్పే సూచిక వాటిలో లేదు.

ఆరిన కొద్దీ చిక్కబడే ఉప్పు

దివిసీమ కృష్ణానది రెండు పాయల నడుమ ఏర్పడిన దీవి. పులిగడ్డ వద్ద నది చీలుతుంది. అక్కడి అక్విడక్టు మీదుగా కాలువ నీరు దీవిలోకి వస్తుంది. ఆ నీరు మోపిదేవి, అవనిగడ్డ దాటి కోడూరు, నాగాయలంక మండలాల శివారుకు చేరేటప్పటికి ఆలస్యమూ అవుతుంది, పలుచనా అవుతుంది. వరి కోతల తరువాత కాలువ కట్టివేస్తారు. వేసవిలో తాగునీటి చెరువులు నింపడానికి మాత్రమే అప్పుడప్పుడు వదులుతారు. అప్పటికి నదిలో ప్రవాహం ఉండదు. సముద్రపు పోటు నదీముఖం నుండి, మురుగు కాలువల నుండి పైకి ఎగదన్నుతుంది. చెరువులలో ఉప్పునీరు నింపి సాగించే రొయ్యల పెంపకం వల్ల పక్క పొలాలకు ఊట దిగడం మరొక కారణం.

ఈ భూములలో నేల అడుగున ఉన్నదంతా ఉప్పునీరే. దానిపై వానలకు, కాలువ తడులకు ఇంకిన తీపినీరు పలుచని పొరగా తేలుతుంది. ఉప్పునీటి కంటె తీపినీరు తేలిక కనుక ఈ అమరిక సాధ్యమవుతుంది. భూగర్భజల శాస్త్రంలోని గైబెన్–హెర్జ్‌బెర్గ్ సూత్రం ప్రకారం సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున తీపినీరు నిలిచి ఉంటే, దాని కింద సుమారు 40 అడుగుల మేర తీపినీటి పొర ఉండగలదు. పైమట్టం ఒక అడుగు పడిపోతే కింది ఉప్పునీరు 40 అడుగులు పైకి రాగలదన్న మాట. క్షేత్రంలో ఈ లెక్క అచ్చంగా ఇలాగే ఉండకపోయినా, సూత్రం చెప్పే హెచ్చరిక స్పష్టం. గట్టి మోటారుతో ఒక్కచోట నీరు లాగితే తీపినీటికి బదులు ఉప్పునీరే పైకి వస్తుంది.

ఇక నేలలో జరిగేది చూడాలి. నేల నుండి తీసిన సంతృప్త సారంలో విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసైమన్లు ఉంటే ఆ నేలను ఉప్పునేలగా పరిగణిస్తారు. నీరు పెట్టిన మరునాడు, అదనపు నీరు దిగిపోయిన తరువాత నేలలో మిగిలే తేమ సంతృప్త స్థితిలోని తేమలో దాదాపు సగం. కాబట్టి వేరు చుట్టూ ఉన్న నీటి వాహకత 4 కాదు, సుమారు 8. ఒక్కొక్క డెసీసైమనుకు సుమారు 0.36 బారు చొప్పున ద్రవాభిసరణ పీడనం లెక్కిస్తే అది దాదాపు 2.9 బార్లు. ఆ తేమలోనూ సగం ఆవిరైతే వాహకత 16కు, పీడనం 5.8 బార్లకు చేరుతుంది. ఇది ఉప్పు వల్ల కలిగే లాగుడు మాత్రమే. ఆరిన మట్టి నీటిని పట్టి ఉంచే శక్తి దీనికి అదనం. మొక్క శాశ్వతంగా వాడే స్థితిని సాధారణంగా 15 బార్లుగా తీసుకుంటారు గాని, ఆకు పెరుగుదల అంతకు చాలా ముందే ఆగిపోతుంది.

ఈ లెక్క నుండి తేలే విషయం ఒకటే. ఉప్పు లేని ఎర్రనేలలో తడికీ తడికీ మధ్య మూడు రోజులు ఆలస్యమైతే మొక్క మూడు రోజుల ఎద్దడినే ఎదుర్కొంటుంది. కోడూరు మండలపు ఉప్పునేలలో అదే ఆలస్యం మట్టి లాగుడును, ఉప్పు లాగుడును ఒకేసారి పెంచుతుంది. మెట్టలో నీటి పొదుపుకు ఉపకరించే 'తడుల వ్యవధి పెంచండి' అన్న సలహా ఇక్కడ మొక్కను రెండు వైపుల నుండి దెబ్బతీస్తుంది.

పాలకూర విషయంలో ఒక పొరపాటు

ఉప్పు సహనాన్ని గురించి అంతర్జాతీయ పట్టికలు అందుబాటులో ఉన్నాయి. వాటి ప్రకారం సంతృప్త సారం వాహకత 2.0 డెసీసైమన్లు దాటిన తరువాత స్పినాచ్ దిగుబడి ఒక్కొక్క డెసీసైమనుకు 7.6 శాతం చొప్పున తగ్గుతుంది. ఈ అంకెను నేరుగా మన పాలకూరకు అన్వయించడం పలుచోట్ల కనిపించే పొరపాటు. ఆంధ్రప్రదేశ్‌లో పాలకూరగా సాగయ్యేది స్పినాచ్ కాదు. అది బీట్‌రూట్, చక్కెర బీట్‌ల ప్రజాతికి చెందిన మొక్క. బీట్‌రూట్‌కు అవే పట్టికలు చూపే హద్దు 4.0 డెసీసైమన్లు, ఆపై తగ్గుదల 9 శాతం. వాహకత 6 ఉన్న నేలలో స్పినాచ్ లెక్కన 30 శాతం, బీట్‌రూట్ లెక్కన 18 శాతం నష్టం వస్తుంది. పండించవచ్చా, మానుకోవాలా అన్న నిర్ణయమే ఈ తేడా మీద ఆధారపడి ఉంటుంది. బీట్‌రూట్ అంకెలు దుంప దిగుబడికి సంబంధించినవి కనుక అవీ పాలకూర ఆకుకు అచ్చంగా సరిపోవు. కోడూరు, నాగాయలంక నేలలలో పాలకూర ఆకు దిగుబడికి సొంత అంకెలు రాబట్టడం తప్ప మార్గాంతరం లేదు.

బీట్ జాతి మొక్కలకు, తోటకూరకు ఉప్పునేలలో కొంత అనుకూలత ఉండడానికి కారణం ఉంది. ఈ కుటుంబపు మొక్కలు ఎద్దడిలో గ్లైసిన్ బీటైన్ అనే పదార్థాన్ని కణాలలో కూడబెట్టుకొని, బయటి లాగుడుకు దీటుగా లోపలి ద్రవాభిసరణను సర్దుకుంటాయి. తోటకూరకు మరొక బలం కూడా ఉంది. మొక్కజొన్న, జొన్నల వలె అది సి4 వర్గపు మొక్క. పత్రరంధ్రాలు కొంత మూసుకున్నా కిరణజన్య సంయోగక్రియను కొనసాగించగలదు. అదే పరిమాణపు పొడి పదార్థాన్ని తయారు చేయడానికి పాలకూర, మెంతికూర వంటి సి3 మొక్కల కంటె చాలా తక్కువ నీటిని వాడుకుంటుంది. మార్చి నుండి జూన్ వరకు ఎండలలో తోటకూర నిలదొక్కుకోవడానికి ఇదే ఆధారం.

గట్ల మీద తనంత తానే మొలిచే పావిలికూర, అంటే గంగవాయిలికూర, ఇంకా విశిష్టమైనది. నీరున్నప్పుడు సి4 మొక్కగా, బెట్టలో కలబంద, నాగజెముడు వలె రాత్రిపూట బొగ్గుపులుసు వాయువును గ్రహించే మొక్కగా అది మారగలదు. ఈ రెండు విధానాలు ఆకులోని ఒకే కణాలలో కలిసి పనిచేస్తున్నాయని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రకటించారు. ఉప్పు సహన పట్టికలలో దీని హద్దు 6.3 డెసీసైమన్లు. స్పినాచ్ హద్దుకు ఇది మూడింతలకు పైమాట. ఇంతటి మొక్కను డెల్టా రైతు కలుపుగా పీకి గట్టున వేస్తున్నాడు. మెరుగైన విత్తనం, సాగు పద్ధతి, కోత విధానం రూపొందిస్తే ఇది శివారు భూములకు వేసవి పంట కాగలదు.

గోంగూర విషయంలో జాగ్రత్త అవసరం. మెట్టలో లోతైన తల్లివేరు దానికి వరం. పై పొర ఆరినా అడుగు తేమను అందుకుంటుంది. అడుగున ఉప్పునీరు ఉన్న నేలలో అదే లోతు వేరును ఉప్పు దగ్గరకు తీసుకుపోతుంది. అందువల్ల ఇక్కడ గోంగూరను వానాకాలంలో, తీపినీటి పొర మందంగా ఉన్నప్పుడు, మెరక నేలలో వేయడం మేలు. మెంతికూర, కొత్తిమీర ఎద్దడికీ ఉప్పుకూ రెండింటికీ సుకుమారాలు. డిసెంబరు, జనవరి నెలల చలిలో, మంచినీరు ఖాయంగా ఉన్న చోటనే వాటికి చోటివ్వాలి.

పోషకాలు పెరుగుతాయన్న వాదన

ఇటీవలి సంవత్సరాలలో మరొక వాదన వినవస్తున్నది. పరిమితమైన ఎద్దడి ఆకుకూర నాణ్యతను పెంచుతుందని, కాబట్టి కొంత నీరు తగ్గించి పండించడం లాభసాటి అని ఆ వాదన సారాంశం. దీనికి ఆధారం లేకపోలేదు. జపాన్‌లోని గిఫు విశ్వవిద్యాలయంలో ఉమాకాంత సర్కార్, షిన్యా ఓబా తోటకూరపై జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో ఎద్దడి పెరిగిన కొద్దీ విటమిన్ సి, ఫినాలిక్ పదార్థాలు, ప్రతి ఆక్సీకరణ శక్తి పెరిగినట్లు తేలింది. బెట్టను ఎదుర్కొనేందుకు మొక్క తయారు చేసుకొనే రక్షక పదార్థాలే తినేవారికీ మేలు చేస్తాయి.

అయితే ఈ ఫలితాన్ని దివిసీమకు తెచ్చి అతికించడానికి మూడు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది, గ్రాముకు పోషకం పెరిగినా ఆకుల మొత్తం దిగుబడి తగ్గుతుంది. ఆకుకూర తూకం మీద కాక కట్టల లెక్కన అమ్ముడవుతుంది. మడికి వచ్చే కట్టలు తగ్గితే నాణ్యత పేరిట ఎవరూ ఎక్కువ ధర ఇవ్వరు. రెండవది, ఎద్దడిలో నైట్రేటును మాంసకృత్తులుగా మార్చే ఎంజైము మందగించి ఆకులో నైట్రేటు పేరుకుంటుంది. వాడిన మడికి పచ్చదనం రావాలని యూరియా చల్లి నాలుగు రోజులలో కోస్తే ఈ ప్రమాదం మరింత పెరుగుతుంది. మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది: మంచినీరు పోసే కుండీలలో నీరు తగ్గిస్తే అది బెట్ట మాత్రమే. ఉప్పునేలలో నీరు తగ్గిస్తే ఉప్పును కిందికి కడిగే నీరు కూడా తగ్గి, తరువాతి పంటకు మడి పనికిరాకుండా పోతుంది.

ఆకుకూర పోషక విలువ చిన్న విషయమేమీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ మహిళలలో 58.8 శాతం రక్తహీనతతో ఉన్నారు. ఆకుకూరలతోనే ఈ సమస్య తీరిపోతుందనడం శాస్త్రీయం కాదు. ఆక్సలేట్ల వంటివి ఇనుము వంటబట్టకుండా అడ్డుపడతాయి. అయినా ఫోలేట్, విటమిన్ ఎ, విటమిన్ సి అందించే ఆహారాలలో పేద కుటుంబానికి అందుబాటు ధరలో దొరికేది ఆకుకూరే. వేసవి నెలలలో స్థానిక ఉత్పత్తి పడిపోతే దూరం నుండి వచ్చే ఆకుకూర రేటు పెరుగుతుంది, ముందుగా మానుకొనేది ఆ కుటుంబమే. ఆ మేరకు ప్రధాన ప్రశ్న విటమిన్ ఎంత పెరిగిందన్నది కాదు. ఏప్రిల్, మే నెలలలో కోడూరు మండలపు ఊళ్ళలో ఆకుకూర దొరుకుతుందా లేదా అన్నదే.

దొరువు నేర్పే పాఠం

తీరప్రాంత ఇసుక నేలల రైతులు ఈ ప్రశ్నకు తరతరాలుగా తమదైన సమాధానం చెప్పుకుంటూ వచ్చారు. అదే దొరువు. ఇసుకలో వెడల్పుగా, లోతు తక్కువగా గొయ్యి తవ్వి, అందులో ఊరిన పైపొర తీపినీటిని కుండలతో ముంచి మొక్కల మొదళ్ళలో పోసేవారు. ఎంత ఊరితే అంతే తోడాలి, లోతుకు పోరాదు అన్న నియమం గైబెన్–హెర్జ్‌బెర్గ్ సూత్రం తెలియకుండానే ఆ సూత్రాన్ని పాటించింది. బాపట్లలోని ఉప్పునీటి పథకం శాస్త్రవేత్తలు దీనినే మెరుగుపరచి, నేల అడుగున అడ్డంగా పరచిన చిల్లుల గొట్టాల ద్వారా పైపొర నీటిని మెల్లగా మధ్యనున్న బావిలోకి చేర్చే పద్ధతిని రూపొందించారు. మెరుగుపరచిన దొరువు పద్ధతిగా అది ప్రసిద్ధం.

హంసలదీవి, పాలకాయతిప్ప పరిసరాల ఇసుక తిప్పలు ఇటువంటి పద్ధతికి అనువైనవి. అయితే దొరువు నీటిని ఏ పంటకు, ఏ దశలో, ఎంత వాడాలన్నది ఆకుకూరల పరంగా నిర్ణయించవలసి ఉంది. ఒక సెంటు మడికి వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున నీరు కావాలంటే సుమారు 200 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో పదమూడు, పద్నాలుగు బిందెలు. ఈ మోత మోసేది చాలావరకు స్త్రీలే. కనుక ఒక్క సెంటుకు ఒక్క బిందె ఆదా చేసే సిఫారసు కూడా విలువైనదే.

ఇప్పటికే నిర్ధారణ అయిన ఉప్పునేలల యాజమాన్య సూత్రాలు కొన్ని ఆకుకూరలకు వెంటనే వర్తిస్తాయి. విత్తనం మొలిచే దశ ఉప్పుకు అత్యంత సుకుమారం. కాబట్టి ఉన్న మంచినీటిని తొలి పది రోజులకు కేటాయించి, కాస్త ఉప్పదనం ఉన్న నీటిని వేరు నిలదొక్కుకున్న తరువాత వాడాలి. బోదెల మీద విత్తేటప్పుడు నడినెత్తిన విత్తరాదు. తేమ ఆవిరయ్యే కొద్దీ ఉప్పు అక్కడికే చేరుతుంది. బోదె వాలులో విత్తితే మొలక తప్పించుకుంటుంది. ఉప్పదనం ఉన్న నీటిని ఆకుల మీద చల్లరాదు. సాయంత్రం వేళ మొదట్లో పోయాలి. వరుసల మధ్య వరిగడ్డి పరిస్తే తేమ ఆవిరి కావడమే కాక, అడుగు నుండి ఉప్పు పైకి పాకడం కూడా తగ్గుతుంది. తడులు చిన్నవిగా, దగ్గర దగ్గరగా ఉండాలి. కాలువ నీరు లేదా మంచి వాన దొరికినప్పుడు మడి నుండి ఉప్పు దిగిపోయేటట్లు ఒక నిండు తడి తప్పక ఇవ్వాలి. ఆ నీరు పోవడానికి మురుగు దారి ఉండాలి. ఒకేసారి అయిదు సెంట్లు విత్తడానికి బదులు వారానికొక సెంటు చొప్పున విత్తితే ఒక వారపు ఎద్దడి పంటనంతటినీ తీసుకుపోదు.

రెండు విశ్వవిద్యాలయాల నడుమ

ఇవన్నీ విడివిడిగా తెలిసిన విషయాలే. వాటిని ఒక పంటల సరళిగా కూర్చి, శివారు గ్రామంలో పరీక్షించి, అంకెలతో నిరూపించే పని మిగిలి ఉంది. దానికి సంస్థాగతమైన కారణం ఒకటి కనిపిస్తుంది. 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వెంకట్రామన్నగూడెం కేంద్రంగా ఏర్పడిన తరువాత కూరగాయల పరిశోధన దాని పరిధిలోకి వెళ్ళింది. ఉప్పునేలలు, సాగునీటి యాజమాన్యం ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వద్ద ఉన్నాయి. ఆకుకూర ఒకరి పంట, దాని వేరు ఉన్న నేల మరొకరి అంశం. ఉప్పునేలల పరిశోధనకు సహజంగానే వరి కేంద్రమయింది. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం చౌడును తట్టుకొనే వరి వంగడాలపై చేసిన కృషి ఇందుకు నిదర్శనం. అటువంటి శ్రద్ధ ఆకుకూరలకు దక్కలేదు.

మచిలీపట్నం పరిశోధన స్థానం, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం, ఉద్యాన విశ్వవిద్యాలయ కూరగాయల శాస్త్రవేత్తలు కలిసి కోడూరు, నాగాయలంక మండలాలలో రైతుల మడులలోనే మూడేళ్ళ ఉమ్మడి పరిశీలన చేపట్టడం సముచితం. అందులో తోటకూర, పాలకూర, బచ్చలి, పావిలికూర, గోంగూర ఉండాలి. కొలమానాలుగా ఎకరాకు క్వింటాళ్ళతో పాటు అమ్ముడైన కట్టలు, కోతల మధ్య రోజులు, ఆకులో నైట్రేటు, ప్రతి తడికి ముందు వేరు మండలంలో వాహకత నమోదు కావాలి. బెట్ట తీవ్రతను వాన లేని రోజుల సంఖ్యతో కాక, తేమ, ఉప్పు రెండింటి లాగుడును కూడిన మొత్తంతో కొలవాలి. జేబులో పట్టే వాహకత మీటరు ఈ రోజులలో ఖరీదైన వస్తువు కాదు. గ్రామానికొకటి రైతు భరోసా లేదా రైతు సేవా కేంద్రాలలో ఉంచితే, దొరువు నీరు, బోరు నీరు, మురుగు కాలువ నీరు వాడదగినవో కావో రైతే నిర్ణయించుకోగలడు.

ఆకుకూరల విస్తీర్ణం అతి స్వల్పమని, లక్షల ఎకరాల వరి, మినుము ఉండగా వాటి మీద పరిశోధన నిధులు వెచ్చించడం సమంజసం కాదని ఒక అభ్యంతరం ఉంది. విస్తీర్ణమే కొలమానమైతే ఆ అభ్యంతరానికి జవాబు లేదు. నీటిని కొలమానంగా తీసుకుంటే లెక్క మారుతుంది. ఒక ఎకరా వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు అవసరం. నెల రోజుల ఆకుకూరకు రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున 150, ఉప్పు కడగడానికి అదనంగా 30 కలిపి 180 మిల్లీమీటర్లు చాలు. ఒక ఎకరా వరి నీటితో అదే ఎకరాలో ఆరు పంటల ఆకుకూర పండుతుంది. భూమి లేని కుటుంబం రెండు సెంట్ల తిప్పనేలలో వారం వారం చేతికి నగదు చూడగలిగే పంట ఇది ఒక్కటే.

వేసవిలో కాలువకు వదిలే తాగునీటిలో ఆకుకూరకు వాటా అడగడం న్యాయమా అన్నది మరొక ప్రశ్న. తాగునీటికి తొలి ప్రాధాన్యమన్న విషయంలో వివాదం లేదు. అయితే చెరువులు నింపే రోజులలో కాలువ పొడవునా ఇంకి, కారి పోయే నీటిని పక్కనే ఉన్న తిప్పనేలల దొరువులలోకి మళ్ళించి తీపినీటి పొరను పెంచడానికి అవకాశం ఉంది. ఆ నీరు తరువాతి నెలలలో కుండలతో తిరిగి వస్తుంది. ఇందుకు కావలసింది కొత్త ప్రాజెక్టు కాదు, జలవనరుల శాఖ, విశ్వవిద్యాలయం కలిసి గుర్తించిన కొన్ని స్థలాలు మాత్రమే.

2023 ఈ చర్చకు సందర్భాన్ని స్పష్టంగా చూపిన సంవత్సరం. ఆ ఏడాది ఆగస్టు, 1901 తరువాత దేశం చూసిన ఆగస్టు నెలలన్నింటిలో అత్యంత పొడి నెల. కృష్ణా పరీవాహకంలోని జలాశయాలు నిండలేదు. అదే ఏడాది డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటి డెల్టా పంటలను ముంచింది. నాలుగు నెలల వ్యవధిలో ఎద్దడి, ముంపు రెండూ చూసిన నేలలో పైరుకు వరద సాయం, కరవు సాయం లెక్కలు వేరువేరుగా తయారయ్యాయి. రెండింటిలోనూ ఆకుకూర మడి పేరు కనిపించడం అరుదు. అది విత్తిన నాడే నమోదయ్యే అవకాశం లేనంత చిన్నది, నష్టం అంచనా వేసే బృందం వచ్చేనాటికి దున్నేసి ఉండేంత స్వల్పకాలికం.

ఇటువంటి పంటను రక్షించడానికి నష్టపరిహారం కంటె ముందు జాగ్రత్తే అనువైన మార్గం. ఏ నెలలో ఏ ఆకుకూర, ఏ నీటితో, ఎన్ని రోజులకొక తడి అన్న మూడు ప్రశ్నలకు ఉప్పునేలలలో రాబట్టిన సమాధానాలు ఒక్క పుటలో ముద్రించి కోడూరు రైతుకు ఇవ్వగలిగిన నాడు పరిశోధనకు ప్రయోజనం చేకూరుతుంది. మెట్ట నేలల బెట్ట సిఫారసులను శివారు గ్రామాలకు యథాతథంగా పంపడం మాత్రం ఇకనైనా ఆగాలి.